అశ్రునివాళి హోటల్లో మూడు పూటలు

ఈ ప్రయాణంలో నేను చివరికి చేరిన ఊరి పేరు రాయను. దర్శి దాటి ఆరు మైళ్లు, అంతవరకే. పేరు ఎందుకు దాచానో చివరిదాకా చదివినవాళ్లకు తెలుస్తుంది. మధ్యలో ఆపేసేవాళ్లకు అసలే తెలియనక్కర్లేదు.

నల్లపాడు

ఫాల్గుణంలో ఒక ఉదయం ఇంటి అరుగు మీద పేపరు చదువుకుంటుంటే ఫోను మోగింది. చేసింది ఆదెమ్మ, నా స్నేహితుడు కోటయ్య భార్య. కోటయ్య పోయిన శ్రావణంలో కన్నుమూశాడు. నేను గుంటూరు మిర్చి యార్డులో నలభై ఏళ్లు కాటా దగ్గర పనిచేశాను. వాడు దర్శి అవతల నుంచి ఏటా మిర్చి టిక్కీలు తెచ్చేవాడు. టిక్కీ అంటే గోనె బస్తా. మొదటి ఏడు నా తూకం తప్పని పోట్లాడాడు, రెండో ఏడు నాకు గోంగూర పచ్చడి జాడీ తెచ్చాడు. మా స్నేహం ఆ క్రమంలోనే నడిచింది.

"బావగారూ, మా ఇల్లు హోటలంట. మీకేమన్నా తెలుసా?" అంది ఆదెమ్మ.

నాకు చెవులు బాగానే పనిచేస్తాయి. అయినా మళ్లీ చెప్పమన్నాను.

"రోజూ పన్నెండయ్యేసరికి ఐదుగురో పదిమందో దిగబడతన్నారు బావగారూ. కార్లలో వస్తన్నారు, మోటారు సైకిళ్ల మీద వస్తన్నారు. కాళ్లు కడుక్కుని వసారాలో కూర్చుని, 'అమ్మా, ఇవాళ ఏం స్పెషలు?' అంటన్నారు. ఆయన పోయిన ఏడాది తిరక్కుండా వాకిట్లోకొచ్చినోళ్లని ఆకలితో ఎట్టా పంపను? పెడతన్నా. శ్రీనుగాడేమో ఉగాది లోపల ఇది ఆగకపోతే నన్ను తీసుకెళ్లి చీరాలలో అమ్మాయింట్లో దించొస్తానంటన్నాడు. సంవత్సరీకం దాకా ఈ గడప దాటనని ఆయన ఫోటో ముందు దీపం పెట్టి చెప్పుకున్నా. నన్ను దాటించమాకండి."

శ్రీను వాళ్ల కొడుకు. చెడ్డవాడు కాడు. కోత సమయం, కళ్లంలో మిర్చి ఎండబోసి ఉంది, కూలీలు దొరకడం లేదు. ఇంట్లో తల్లీ భార్యా ముక్కూ మొహం తెలియనివాళ్లకు వడ్డిస్తూ కూర్చుంటే ఎవడికైనా మండుతుంది. ఉగాదికి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

నేను నా మనవరాలు లావణ్యకు ఫోను చేశాను. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. పావుగంటలో సంగతి పట్టుకుంది. జనానికి ఊళ్లలో చూడదగ్గ చోట్లు, తినదగ్గ చోట్లు చెప్పే యాప్ ఒకటి ఉందట. పేరు ఇక్కడ రాసి దానికి ఉచిత ప్రచారం చెయ్యను.

"ఎవరూ వెళ్లి చూడరు తాతయ్యా. సోషల్ మీడియాలో జనం రాసుకున్నవన్నీ మిషను చదువుద్ది. ఏ చోటుని ఎక్కువమంది మెచ్చుకున్నారో లెక్కేసి, దానికి చుక్కలిచ్చి, మిగతావాళ్లని వెళ్లమంటుంది."

"రుచి చూడకుండానా?"

"దానికి నోరెక్కడుంది?"

మిర్చి యార్డులో ఎంత పెద్ద వ్యాపారి అయినా బస్తాలోకి చెయ్యి దూర్చి, అడుగునుంచి ఒక కాయ తీసి, విరిచి, గింజ నాలిక మీద వేసుకుని గానీ ధర చెప్పడు. నేను బడిలో మూడో తరగతి దాటలేదు. పప్పులు కట్టిచ్చిన పేపరు ముక్కలు చదివి చదువు నేర్చుకున్నాను. నాకే తెలిసిన ఈ సంగతి అంత చదువుకున్న మిషనుకు ఎవరూ చెప్పలేదా అని అడిగాను. లావణ్య యాప్‌లో ఉన్నది చదివి వినిపించింది.

"'అశ్రునివాళి. అచ్చమైన ఇంటి భోజనం. నాలుగున్నర చుక్కలు. ఆరుబయట కూర్చునే వసతి కలదు. పక్షులతో కలిసి భోంచేయవచ్చు. యజమాని నవ్వు ముఖం గలవారు, మితభాషి. లోపం: సిబ్బంది రండి అనరు, మళ్లీ రమ్మనరు.'"

ఫోటో కూడా పంపింది. కోటయ్య. మెడలో బంతిపూల దండ. కింద పెద్ద అక్షరాలతో అశ్రునివాళి.

అప్పటికి నాకు వెలిగింది. అది కోటయ్య పెద్దకర్మ ఫ్లెక్సీ! పదకొండో రోజున వాకిట్లో షామియానా వేసి నాలుగువందల మందికి భోజనాలు పెట్టారు. తిన్నవాళ్లలో సగంమంది విస్తరి ఫోటో తీసి ఫోనులో పెట్టారు. కాకి వచ్చి పిండం ముట్టేదాకా అందరం ఆగాం కాబట్టి కాకి ఫోటోలు కూడా ఉన్నాయి. ఇక రండి అనకపోవడమంటారా, చావింటికి వచ్చినవాళ్లను ఎవరు మాత్రం రండి రండి అంటారు? వెళ్లేవాళ్లూ వెళ్లొస్తామని చెప్పరు. లేచి, మాట్లాడకుండా పోవాలి. మిషను ఇదంతా చదివి, మర్యాద లేని మంచి హోటలని తేల్చింది.

ఆ రోజు నేనూ తిరుగు బస్సులో కూర్చుని కోటయ్య గురించి నాలుగు ముక్కలు రాసి ఫోనులో పెట్టాను. మూడువందల మంది దణ్ణం బొమ్మ నొక్కారు. నాది వేరే సంగతి, అది నివాళి. చావు భోజనాన్ని హోటలు భోజనంలా మెచ్చుకుంటూ మొట్టమొదట రాసిన బుద్ధిలేనివాడు ఎవడో వెతికి పెట్టమని లావణ్యతో చెప్పాను. వాడి చేత ఆదెమ్మ కాళ్లు పట్టించి, రాసింది తీయించాలనేది నా పథకం. తనకు రెండు రోజులు పడుతుందంది.

ఈలోగా నేను బయలుదేరాను. నేరుగా దర్శి పోలేదు. కాటా తేడాగా ఉందనిపిస్తే ఒక్క బస్తాతో తేల్చం, నాలుగు వేసి చూస్తాం. మిషను మెచ్చుకున్నది ఒకటి, తిట్టింది ఒకటి దారిలో చూసి వెళ్దామనుకున్నాను.

పిడుగురాళ్ల: మంచు కొండ

మిషను మెచ్చుకున్నది పిడుగురాళ్లలో ఉంది. 'మంచు కురిసే చోటు. పెళ్లి ఫోటోలకు అనుకూలం.' నల్లపాడులో రైలెక్కి వెళ్లాను. పిడుగురాళ్లలో మంచేమిటని పక్క సీటాయన్ని అడిగితే, నా వయసు చూసి, ఫ్యానుకింద కూర్చోమని తన సీటు నాకిచ్చాడు.

ఊరి బయట సున్నపు బట్టీలున్నాయి. ఒక బట్టీ వెనక ఏళ్ల తరబడి పారబోసిన తెల్ల పొడి గుట్టగా ఉంది. ఎండ పెళపెళలాడుతోంది. ఆ గుట్ట మీద ఒక పెళ్లికొడుకు ఉన్ని కోటు వేసుకుని, మెడకు మఫ్లరు చుట్టుకుని, చలికి వణుకుతున్నట్టు నటిస్తున్నాడు. పెళ్లికూతురు దోసిలితో పొడి తీసి పైకి ఎగరేస్తోంది. ఫోటోలాయన "ఇంకొంచెం చలి, ఇంకొంచెం చలి" అంటున్నాడు.

బట్టీలో పనిచేసే ఒకామె ముక్కుకు గుడ్డ కట్టుకుని, నడుం మీద చెయ్యేసి చూస్తోంది.

"రోజూ వస్తారామ్మా?" అన్నాను.

"ఆదివారమైతే క్యూ కట్టుద్ది. మేం పద్దెనిమిదేళ్ల నుంచి ఈ దుమ్ములో దగ్గుతుంటే ఒక్కడూ ఫోటో తియ్యలా. నిరుడెవరో ఇది కాశ్మీరని రాశారంట, ఇంకంతే."

అంతలో పెళ్లికొడుకు కేక పెట్టాడు. చెమటకు తడిసిన మెడ మీద సున్నం పడి మంటెత్తింది. స్నేహితుడు నీళ్ల సీసా మూత తీశాడు.

"ఒరేయ్, నీళ్లు పొయ్యమాక! ఉడికిపోయిద్ది!" అని ఆమె గుట్టెక్కి పరిగెత్తింది. ఆ అబ్బాయి కోటు ఊడబీకి, పొడిగుడ్డతో దులిపి దులిపి, పొడంతా రాలాక పక్కనున్న కుళాయి పూర్తిగా తిప్పి మెడ దాని కింద పెట్టించింది. ఆ తరవాత తన కొబ్బరినూనె సీసా తెచ్చింది. వాడు నూనె కారుతూ, ఎర్రబడ్డ మెడతో కూర్చుని ఫోనులో ఏదో నొక్కుతున్నాడు. ఫిర్యాదేమో అనుకుని వంగి చూశాను. 'స్వర్గం' అని రాసి ఐదు చుక్కలు పెడుతున్నాడు.

"మంటగా ఉందన్న సంగతి రాయవా నాయనా?"

"పెళ్లి ఫోటోల కింద మంటని ఎవరు రాస్తారు తాతగారూ?"

నా చెప్పులకంటిన సున్నం నాలుగు రోజులకు గానీ వదల్లేదు. మధ్యాహ్నం బస్టాండు పక్కన ఉల్లి పెసరట్టు తిన్నాను, నలభై రూపాయలు. మా గుంటూరులో అల్లప్పచ్చడి విడిగా గిన్నెలో ఇస్తారు. ఇక్కడ అట్టు మీదే పూసి ఇస్తారు, వద్దనే హక్కు మనకుండదు. బాగుంది. మిషనుకు ఈ చోటు తెలియకపోవడం ఆ పెసరట్టు చేసేవాడి అదృష్టం.

నరసరావుపేట: దగా టీ

రెండో రోజు చూసింది మిషను తిట్టిన చోటు. నరసరావుపేటలో పురుగుమందుల దుకాణాల వరసలో ఒక టీ కొట్టు. దానికి మిషను ఒక్క చుక్క ఇచ్చింది. 'తరచుగా కనిపించే మాటలు: దగా, మోసం, ఉరేసుకోవాలి, ఏళ్ల తరబడి ఇదే అన్యాయం.'

పేరు చూస్తే నేను ముప్ఫై ఏళ్ల కిందట లారీ మీద పోతూ టీ తాగిన కొట్టే. అప్పుడు రూపాయిన్నర, ఇప్పుడు పన్నెండు. అప్పటిలాగే గాజు గ్లాసు, అప్పటిలాగే మీగడ పైన తేలుతోంది. ఒక గ్లాసు తాగి, ఇంకోటి చెప్పి, అందులో దగా ఎక్కడుందా అని వెతికాను. లేదు.

కొట్టతను పొయ్యి దగ్గర్నుంచి తలెత్తి చూశాడు. "ఏందండీ, అట్టా గ్లాసులోకి చూస్తన్నారు? ఈగ పడిందా?"

"లేదయ్యా. నీ టీ దగా అని మిషను రాసిందే!"

అతను గరిట పక్కన పెట్టాడు. "మీక్కూడా తెలిసిందా? వాళ్లు తిట్టేది టీని కాదండీ బాబూ! నా కొట్టు ముందు పొద్దున ఆరు నుంచీ రైతులు కూర్చుంటారా, పత్తి ధర చూసుకుంటారా, నకిలీ విత్తనాలు తల్చుకుంటారా, తిడతా ఫోన్లో రాస్తారు. రాసిన చోటేదంటే నా కొట్టు పేరు పడిద్ది. ప్రభుత్వాన్ని తిట్టినా నాకే, వానని తిట్టినా నాకే. మొన్నొకాయన తోడల్లుణ్ణి తిట్టాడు, సగం చుక్క పోయింది."

గోడ మీద చూడమని చూపించాడు. వెనకటి రోజుల్లో హోటళ్లలో 'ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు' అని బోర్డులుండేవి. ఇతను కొత్తది రాయించాడు: 'ఇచ్చట ధరల గురించి ఫోన్లో రాయరాదు. రాయదలచినవారు రోడ్డు దాటి రాయగలరు.'

రోడ్డుకు అవతల నిజంగానే ఐదారుగురు గ్లాసులు పట్టుకుని ఎండలో నిలబడి ఫోన్లలో కసిగా నొక్కుతున్నారు. వాళ్ల వెనక ఉన్నది చెప్పుల దుకాణం.

"మరి వాడి గతి?"

"నిన్నటికి రెండు చుక్కల్లోకి దిగాడండీ," అన్నాడు టీ కొట్టతను. అతని ముఖంలో పశ్చాత్తాపం నాకైతే కనిపించలేదు.

అక్కడే లావణ్య ఫోను చేసింది. నేను బెంచీ మీద కూర్చుని, ఆ బుద్ధిలేనివాడు దొరికాడా అన్నాను.

"దొరికాడు తాతయ్యా. చదవనా? 'అరవై ఏళ్లుగా గుంటూరు నుంచి మార్కాపురం దాకా ప్రతి హోటల్లో తిన్నాను. ఇంతటి గోంగూర, ఇంతటి పప్పు ఏ హోటల్లోనూ ఎరగను. చచ్చేలోగా ఒక్కసారైనా ఆ ఇంట విస్తరి ముందు కూర్చోవాలి. లేకపోతే ఆ పుట్టుక దండగ.'"

"అక్షరం పొల్లు పోకుండా ఉంది," అన్నాను. ఎందుకంటే అవి నా మాటలు.

"ఊరి పేరు కూడా పెట్టావు. 'హోటల్' అనే మాట రెండుసార్లుంది. దాన్ని నూటపదిమంది పంచుకున్నారు. మిషను ముందు పట్టుకుంది అదే తాతయ్యా."

"అది నివాళే!"

"మిషనుకేం తెలుసు?"

నేను కోపంగా మాట్లాడబోతే టీ కొట్టతను బోర్డు చూపించి, రోడ్డు దాటమని సైగ చేశాడు. దాటాను. చెప్పుల దుకాణం ముందు నిలబడి, ఎవరిని తిట్టాలో తెలియక, ఆ రాసింది చెరిపేశాను. చెరిపినా లాభం లేదంది లావణ్య. పంచుకున్నవాళ్ల దగ్గర ఉంటుందట, మిషను దగ్గర కూడా ఉంటుందట. ఒకటే దారి: బాగోలేదని కొందరు రాయాలి. అప్పుడు చుక్కలు తగ్గుతాయి, జనం మానుకుంటారు.

దర్శి దాటాక

మూడో రోజు పన్నెండింటికి చేరాను. దర్శి దాటితే నేల రంగే మారుతుంది. కాలవ నీళ్లు చాలని మెట్ట, మధ్యమధ్యలో కంది, పొగాకు. దూరానికి ఎర్ర దుప్పట్లు ఆరేసినట్టు కళ్లాలు. మా వైపు మిర్చి రోడ్డు మీదకొచ్చి ఎండుతుంది, ఇక్కడ ఇంకా మర్యాదగా పొలంలోనే ఎండుతోంది.

ఇంటి ముందు రెండు కార్లున్నాయి. గడప లోపలి వసారాలో గోడకు కోటయ్య ఫోటో, దాని ముందు దీపం, దాని ముందు వరసగా ఎనిమిదిమంది విస్తళ్ల దగ్గర. ఆదెమ్మ వడ్డిస్తోంది, కోడలు పద్మ వంటింట్లోంచి గిన్నెలు అందిస్తోంది. ఆదెమ్మ నన్ను చూసి రండి అనలేదు. విస్తరి వేసింది.

నా పక్కన విజయవాడ నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగి, అతని భార్య, అత్తా మామా. మామగారు వేళ్లు నాకుతూ ఫోటో వైపు చూపించి, "ఓనరు గారు ఇవాళ రాలేదా అమ్మా?" అన్నారు.

"రారు," అంది ఆదెమ్మ, నెయ్యి వేస్తూ.

"బిజీ మనిషనుకుంటా."

"ఇప్పుడేం లేదు. ఖాళీనే."

నాకు ముద్ద గొంతులో అడ్డం పడింది. బ్యాంకాయన నాకు నీళ్లందించి, "కారం! పేరులోనే చెప్పారు గదండీ, కన్నీళ్లొస్తాయని. భలే పెట్టారు పేరు," అన్నాడు. అతని భార్య స్కానరు ఎక్కడుందని అడిగింది. డబ్బులొద్దంది ఆదెమ్మ. దాంతో వాళ్లకు గౌరవం ఇంకా పెరిగింది. "ప్రేమని బట్టి ఇవ్వమనే పద్ధతా? హైదరాబాదులో ఒకటుంది ఇట్టాంటిది," అన్నారు మామగారు.

లేచి వెళ్తూ నలుగురూ గేటు దగ్గర ఆగి, చేతులూపుతూ గట్టిగా అరిచారు: "మళ్లీ వస్తామండీ! ఇంకా నలుగుర్ని తీసుకొస్తాం!"

చావు జరిగిన గడప దగ్గర అనకూడని మాట అది. ఆదెమ్మ కళ్లు మూసుకుంది.

శ్రీను కళ్లం నుంచి వచ్చాడు. ఒళ్లంతా మిరప ఘాటు. "చూశావుగా పెదనాన్నా? అక్కడ కాయ తిరగెయ్యడానికి మనిషి లేడు. రేపో ఎల్లుండో మబ్బంటన్నారు. ఇక్కడ మా అమ్మ దారిన పోయేవాళ్లకి నెయ్యి పోస్తంది. ఆ రాసినోడు కనపడాలి నాకు, కళ్లంలో పూడ్చిపెడతా."

"నేనే రా," అన్నాను.

పెద్దవాణ్ణని శ్రీను ఊరుకున్నాడు. పద్మ మాత్రం వంటింట్లోంచి, "పొద్దున్నించి మూడు కుంచాల బియ్యం వండా పెదమావయ్యా," అంది. తిట్టినా అంత తగిలేది కాదు.

సాయంత్రం అరుగు మీద కూర్చుని ఫోను తీశాను. తప్పు నాది, దిద్దుబాటూ నాదే కావాలి. నలభై ఏళ్లు కాటా దగ్గర ఒక్క కిలో అటూ ఇటూ చెప్పని చేత్తో అబద్ధం రాశాను. 'అశ్రునివాళిలో తిన్నాను. గోంగూరలో ఉప్పెక్కువ. పప్పు మాడింది. నెయ్యి పాచివాసన. ఎవరూ వెళ్లకండి.' పెట్టేముందు ఆదెమ్మకు చదివి వినిపించడం న్యాయమనిపించింది. అదే నేను చేసిన తెలివితక్కువ పని.

"ఎవరి గోంగూరలో ఉప్పెక్కువ?" అంది ఆదెమ్మ.

"నీ మంచికే ఆదెమ్మా. జనం మానుకుంటారు."

"నా నెయ్యి పాచా? నలభై ఏళ్లు ఆ నెయ్యి తిని పెరిగిందా మీ పొట్ట?"

"అబద్ధం, అబద్ధమే రాశాను!"

"మరి ఆయన బొమ్మ కింద అబద్ధమెందుకు? ఏడాది తిరక్కుండా ఆయన ఇంటి తిండి పాచిపోయిందని ఊరూరా చాటిస్తారా? చీరాలన్నా పోతా గానీ ఆ మాట పడను బావగారూ. తియ్యండి."

ఇంకా పెట్టనే లేదని చెప్పినా వినలేదు, తియ్యమంది. ముందు పెట్టి, ఆమె చూస్తుండగా తీశాను.

శ్రీను తల పట్టుకున్నాడు. "అయితే వాళ్లు రావాలి, తినాలి, నువ్వు వండాలి. కాయ ఎవరు తిరగేస్తారే అమ్మా?"

ఆదెమ్మ దీపంలో నూనె పోసి, ఫోటో వైపు చూసింది. "మీ నాన్న కళ్లంలో పద్ధతేందిరా?"

శ్రీను కంటే ముందు నేనే చెప్పాను, నాకు తెలుసు కాబట్టి. కళ్లం దగ్గరికి అన్నం వేళకొచ్చినవాడు ఎవడైనా సరే, కరణమైనా, వియ్యంకుడైనా, ముందు ఒక వరస కాయ తిరగెయ్యాలి, ఆ తరవాతే ముద్ద. నన్ను కూడా వదల్లేదు కోటయ్య. తెల్ల పంచెతో వచ్చిన తాసిల్దారు చేతే తిరగేయించాడు.

"రేపట్నించి అన్నం ఇంట్లో కాదు," అంది ఆదెమ్మ. "పద్మా, గుండిగలు కళ్లానికి పంపు."

"నువ్వు గడప దాటనన్నావుగా అమ్మా?" అన్నాడు శ్రీను.

"నేనెందుకు దాటతా? వండేదాన్ని ఇంట్లో వండతా. వడ్డించేది నువ్వు."

కళ్లం

నాలుగో రోజు మూడు కార్లు, ఐదు మోటారు సైకిళ్లు. గేటు దగ్గర నేను కూర్చున్నాను. వచ్చినవాళ్లకు వచ్చినట్టు, "భోజనం కళ్లంలో. తలకు గుడ్డ కట్టుకోండి" అని దారి చూపించాను. ఒంగోలు నుంచి వచ్చిన లెక్చరరు గారు "ఇది ప్యాకేజీలో ఉందా?" అన్నారు. ఉందన్నాను.

ఎకరం కళ్లంలో ఎర్రగా కాయ. శ్రీను ఒక్కొక్కరికీ ఒక్కో వరస చూపించి, కాళ్లతో ఎట్లా జరపాలో, కర్రతో ఎట్లా తిరగెయ్యాలో నేర్పాడు. మొదటి తుమ్ము లెక్చరరు గారిది. తరవాత లెక్క తెలియలేదు. ఇరవైమంది తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ, తుడుచుకున్నందుకు ఇంకా ఏడుస్తూ, ఒకరినొకరు చూసి పడీ పడీ నవ్వుతూ కాయ తిరగేశారు. ఒకావిడ చేతులు కడుక్కోకుండా ముక్కు గీరుకుని పొలం చుట్టూ పరిగెత్తింది, పద్మ మజ్జిగ పట్టుకుని వెంట పరిగెత్తింది. ముగ్గురు కూలీలు ఒక పూటంతా చేసే పని గంటన్నరలో అయింది. సరిగ్గా అయిందని చెప్పను. కొన్ని వరసలు పాము పోయినట్టున్నాయి. కానీ అయింది.

మర్నాడు మబ్బు పట్టింది. లెక్చరరు గారు వాళ్ల స్టాఫునంతా వెంటబెట్టుకుని వచ్చారు. పట్టాలు కప్పడానికి ముప్ఫైమంది ఉన్నారు. చినుకు పడేసరికి ఒక్క కాయ తడవలేదు.

లావణ్య ఫోను చేసి చదివింది. "'అశ్రునివాళి. నాలుగు ముప్పావు చుక్కలు. భోజనం, వ్యాయామం, కన్నీటితో మనసు తేలిక. యజమాని ఇప్పటికీ మితభాషి.' పెరిగింది తాతయ్యా!"

నాకు మళ్లీ కోపమొచ్చింది. ఆ మిషను పొరపాటున కూడా ఒక్క నిజం చెప్పలేదు. కానీ శ్రీను పట్టా తాళ్లు బిగిస్తూ, ఎవరికీ కాకుండా తనలో తాను అనుకుంటున్నట్టు, "మా నాన్న బతికినన్నాళ్లూ కూలీలు దొరక్క తిరిగి తిరిగి చచ్చాడు. చచ్చాక కార్లలో పంపిస్తన్నాడు," అన్నాడు. ఆ తరవాత వంటింటి కిటికీ దగ్గరికి వెళ్లి, "అమ్మా, రేపెంతమందికి వండతన్నావు?" అని అడిగాడు. చీరాల మాట ఎత్తలేదు. ఆదెమ్మ లోపల్నుంచి, "ఎంతమంది చేత పని చేయిస్తావో నువ్వు చెప్పు," అంది.

ఆ మధ్యాహ్నం నేను బయలుదేరాను. సంచీ భుజాన వేసుకుని, ఫోటోకు దణ్ణం పెట్టుకుని, చావింటి పద్ధతి ప్రకారం ఎవరికీ ఏమీ చెప్పకుండా మెట్లు దిగాను. గేటు దాకా వచ్చాక వెనకనుంచి కేక వినపడింది.

"అదేంది బావగారూ, చెప్పకుండా పోతన్నారు?"

ఆదెమ్మ గడపకు లోపల, సరిగ్గా అంచు మీద నిలబడి ఉంది. చేతిలో గోంగూర జాడీ.

"చెప్పకూడదు గదమ్మా, ఏడాది తిరగలేదు."

"రోజూ ఇరవైమంది మళ్లీ వస్తామని గేటు దగ్గర అరిచి పోతన్నారు. ఇంకెక్కడి చావిల్లు? రండి, ఇది తీసుకుని చెప్పి వెళ్లండి."

వెనక్కి వెళ్లాను. గడప ఇవతల నేను, అవతల ఆదెమ్మ. జాడీ అందుకుని, ఎదురుగా ఫోటోలో ఉన్న మితభాషిని చూస్తూ, ఊరంతా వినపడేలా చెప్పాను.

"వెళ్లొస్తానురా కోటయ్యా."